వెలుగును తూచిన వైను బప్పు



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని సంఘ బాధ్యులు అడిగారు. దేశ నాయకుల గురించీ, సంఘ సంస్కర్తల గురించీ వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఆకాశం వైపు వెళ్ళాను. మన హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకుని, స్వతంత్ర భారతదేశంలో నక్షత్ర పరిశోధనకు కొత్త ఊపిరి పోసిన డాక్టర్ వైను బప్పు గారి పేరు మన ఇళ్ళల్లో వినబడేది తక్కువ. కుటుంబం మలబారు ప్రాంతానిది, ఇంట మలయాళం. అయినా ఆయనకు ఆకాశాన్ని చూడటం నేర్పింది మాత్రం హైదరాబాదే.

ఆయన జీవితం చెప్పే ముందు మనందరికీ తెలిసిన ఒక విషయం జ్ఞాపకం చేస్తాను. మన టేకులపల్లి మండలంలో కోయగూడెం ఓపెన్ కాస్టు గని ఉన్నది. బ్లాస్టింగ్ వేళ సైరన్ మోగుతుంది, జనాన్ని దూరం జరుపుతారు, ఆ తర్వాత నేల అదురుతుంది, రాళ్ళు ఎగురుతాయి, దుమ్ము లేస్తుంది. ఎన్ని కిలోల మందు కూరారో గని రికార్డులో ఉంటుంది. ఆ రికార్డు చూడకుండా, దూరాన చెట్టు కింద నిలబడి చూసినవాడు మందు ఎంత పేలిందో చెప్పగలడా? చెప్పవచ్చు. కానీ మూడు సంగతులు తెలియాలి. తాను ఎంత దూరాన ఉన్నాడు, ఎంత బరువు రాయి లేచింది, అది ఎంత వేగంతో లేచింది. మెరుపు ఒక్కటే చూసి లెక్క కడితే తప్పుతుంది. ఎందుకంటే పేలుడు శక్తిలో మెరుపుగా కనబడేది స్వల్పం. ఎక్కువ భాగం రాయిని పగలగొట్టడానికీ, నేలను అదిరించడానికీ పోతుంది.

నక్షత్రాలు పేలినప్పుడు శాస్త్రజ్ఞులు వేసుకునే ప్రశ్న కూడా ఇదే. అటువంటి పేలుడును సూపర్నోవా అంటారు. దాని దగ్గరకు పోయి చూడలేము. మన చేతికి వచ్చేది కాసింత వెలుగు. ఆ వెలుగు నుంచి దూరం, బరువు, వేగం రాబట్టాలి. బప్పు గారు సూపర్నోవా శక్తిని లెక్క కట్టినవారు కారు. అయితే వెలుగు లోపలి ఒక గీత వెడల్పును చూసి నక్షత్రం ఎంత శక్తిని వెదజల్లుతున్నదో చెప్పే పద్ధతి ఆయన పేరు మీద లోకమంతటా చలామణి అయింది. పేలుడుకు సిద్ధమవుతున్న నక్షత్రాలను ఆయన జీవితాంతం గమనించారు. ఆయన ఎంచుకున్న కొండ మీది నుంచే, ఆయన పోయిన తర్వాత, మన దేశం వారు ఈ కాలపు అతి గొప్ప సూపర్నోవాను చూడగలిగారు.

మనాలి కల్లాట్ వైను బప్పు గారు 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. తల్లిదండ్రులకు ఒక్కడే సంతానం. తండ్రి సునన్న బప్పు గారు హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. అంటే మన మాటలో చెప్పాలంటే వైను గారు ఒక ఉద్యోగి కొడుకు, తండ్రి ఆఫీసులో తిరుగుతూ పెరిగిన పిల్లవాడు. ఆ ఆఫీసు మాత్రం రాత్రిపూట తెరిచేది!

ఆ ఆఫీసు గురించి కొంచెం చెప్పాలి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే హైదరాబాదు ప్రభువర్గీయుడు ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి సొంత ఖర్చుతో వేధశాల మొదలుపెట్టారు. తాను గతించాక అది నిజాం ప్రభుత్వానికి చెందాలని ఆయన కోరిక. 1908లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకుని బేగంపేట దగ్గర నెలకొల్పింది, తర్వాత 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. ప్రపంచంలోని పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేస్తున్న కాలమది. దక్షిణాకాశంలో ఒక పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. ఏళ్ళ తరబడి ఫోటో పలకలు తీసి, ఒక్కొక్క చుక్కనూ కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలను ఇక్కడి గుమాస్తాలు, సహాయకులు పుస్తకాలకెక్కించారు. మన సర్వే డిపార్టుమెంటు వారికి, రెవెన్యూ వారికి ఈ ఓర్పు ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. కొలత అన్నది ఒక్క రాత్రి ముచ్చట కాదని పిల్లవాడికి అక్కడే అర్థమై ఉంటుంది.

నిజాం కాలేజీలో చదువుతుండగానే వైను గారు వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను చూసి వ్యాసాలు ప్రచురించడం ప్రారంభించారు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఈ నక్షత్రాలను గురించి ఒక మాట. వీటిలో ఒక జాతివి దీపం వత్తి ఎక్కించి దించినట్లు నియమిత కాలంలో పెరిగి తగ్గుతాయి. ఆ కాలం ఎంత ఎక్కువైతే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువ. అసలు కాంతి తెలిసి, మనకు కనబడే కాంతి తెలిస్తే దూరం చెప్పవచ్చు. కిలోమీటరు అవతల వెలిగేది పెట్రోమాక్స్ లైటని తెలిస్తే, అది కంటికి ఎంత మసకగా ఉన్నదో చూసి ఎంత దూరాన ఉన్నదో ఊహిస్తాం కదా. కందిలో పెట్రోమాక్సో తెలియకపోతే మాత్రం దూరం చెప్పలేం. నక్షత్ర శాస్త్రంలో సగం తంటా కందిలికీ పెట్రోమాక్సుకూ తేడా తేల్చడంలోనే ఉన్నది.

మద్రాసు విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర పట్టా పుచ్చుకున్నాక, స్కాలర్‌షిప్పు మీద 1949లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పోయి ఆరు నెలలు కాకముందే ఒక చిత్రం జరిగింది. 1949 జులై 2 రాత్రి ఆయన తీసిన ఫోటో పలక మీద ఒక కొత్త తోకచుక్క పడింది. ఆచార్యులు బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ సహకారంతో దాని దారిని లెక్క కట్టారు. దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. అది సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి సుమారు 60,000 సంవత్సరాలు పడుతుందని తేలింది. పసిఫిక్ ఖగోళ సంఘం వారు ఆయనకు డోనో పతకం ఇచ్చారు. గురువు పేరుకు ముందు శిష్యుని పేరు నిలిచిన సందర్భాలు లోకంలో అరుదు, అందుకే ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

1952లో డాక్టరేటు వచ్చింది. కార్నెగీ ఫెలోషిప్పు మీద కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలమార్ వేధశాలలకు వెళ్ళారు. పాలమార్‌లోని 200 అంగుళాల దూరదర్శిని అప్పటికి ప్రపంచంలో అతి పెద్దది. సూపర్నోవా అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది కూడా ఈ కొండల వారి వల్లనే. 1934లో వాల్టర్ బాడే, ఫ్రిట్జ్ జ్వికీ అనే ఇద్దరు ఈ పేలుళ్ళ శక్తిని అంచనా కట్టి, ఒక నక్షత్రం తనలోకి తాను కూలి న్యూట్రాన్ల ముద్దగా మారితే తప్ప ఇంత శక్తి పుట్టదని ఊహించారు. వినేవారికి అది ఆనాడు విపరీతంగా తోచింది. కొన్ని దశాబ్దాల తర్వాత గాని దానికి రుజువులు సమకూరలేదు.

బప్పు గారు అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేశారు. నక్షత్రపు వెలుగును పట్టకం ద్వారా పంపితే ఇంద్రధనుస్సులా విడిపోతుంది. దానిని వర్ణపటం అంటారు. అందులో అక్కడక్కడ నల్లని గీతలు ఉంటాయి. ఒక్కొక్క మూలకానికి తన గీతలు తనకుంటాయి. కాల్షియం, అంటే మన సున్నంలో ఉండే పదార్థమే, ఊదారంగు కొసన ఒక పెద్ద నల్ల గీతను వేస్తుంది. సూర్యుని వంటి, అంతకన్నా చల్లని నక్షత్రాలలో ఆ నల్ల గీత నడిమధ్య సన్నని వెలుగు గీత ఒకటి కనబడుతుంది. నల్ల పంచెకు నడుమ జరీ పోగు వేసినట్లు అనుకోండి. 185 నక్షత్రాల ఫోటో పలకలు ముందు పెట్టుకుని ఆ జరీ పోగు వెడల్పును కొలిచారు. చిన్న నక్షత్రాలకు సన్నగా, రాక్షస నక్షత్రాలకు వెడల్పుగా ఉన్నది. అదీ గజిబిజిగా కాదు, ఒక్క సరళరేఖ మీద కూర్చునేంత క్రమంగా. వెడల్పు రెట్టింపైతే నక్షత్రం అసలు కాంతి సుమారు 60 రెట్లు! అతి మసక నక్షత్రం మొదలు అతి ప్రకాశవంతమైన దాని వరకు, పది లక్షల రెట్ల తేడా పొడుగునా ఈ ఒక్క నియమమే పనిచేసింది. 1957లో ప్రచురితమైన ఆ వ్యాసంతో దీనికి విల్సన్-బప్పు ప్రభావం అని పేరు స్థిరపడింది.

దీని విలువ ఎక్కడ ఉన్నది? కందిలో, పెట్రోమాక్సో దగ్గరకు పోకుండా తెలిసిపోయింది, అక్కడ ఉన్నది. గీత వెడల్పు కొలిస్తే అసలు కాంతి వచ్చింది, దాని నుంచి దూరం వచ్చింది. దూరం ఎందుకంత ముఖ్యమంటారా? వెలుగు దూరం వర్గాన్ని బట్టి పలుచబడుతుంది. దూరంలో పదో వంతు పొరబడితే శక్తి లెక్కలో ఐదో వంతు పొరపాటు వస్తుంది. దూరం రెండింతలని పొరబడితే శక్తి నాలుగింతలు అవుతుంది. పేలుడు మందును దూరం నుంచి అంచనా కట్టేవాడు ముందు తన కాళ్ళ కింద నేలను గొలుసు పెట్టి కొలుచుకోవాలి.

అక్కడే స్థిరపడగలిగిన మనిషి 1953లో స్వదేశానికి తిరిగి వచ్చారు. అప్పటికి మన దేశంలో ఆయన స్థాయికి తగిన దూరదర్శిని లేదు. 1954లో కాశీలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక వేధశాలను ప్రారంభించింది. ఆ సంవత్సరాంతాన బప్పు గారు దాని బాధ్యత తీసుకున్నారు. కాశీలో పుణ్యం ఉండవచ్చు గాని దుమ్మూ దీపాల వెలుగూ లేని ఆకాశం లేదు. వేధశాలను నైనితాల్ కొండలకు తరలించారు. ఐదారేళ్ళు అక్కడ పనిచేసి, 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరుగా వచ్చారు. వయసు ముప్పై మూడు.

కొడైకెనాల్ బ్రిటిషు వారి కాలం నాటిది, సూర్య పరిశోధనకు పెట్టింది పేరు. రాత్రి ఆకాశానికి మాత్రం అక్కడి మబ్బులు అడ్డు. బప్పు గారు రాత్రి పనికి తగిన చోటు కోసం దక్షిణ భారతమంతా వెతికించారు. దక్షిణమే ఎందుకంటే, భూమి గుండ్రంగా ఉన్నది కనుక ఉత్తరాన నిలబడినవారికి దక్షిణాకాశంలోని నక్షత్రాలు అసలు ఉదయించవు. మన పాలపుంతకు పొరుగున ఉన్న పెద్ద మెగెల్లాన్ మేఘం అనే చిన్న నక్షత్ర మండలం నైనితాల్‌లో ఎన్నడూ కనబడదు. మన టేకులపల్లిలో లెక్క ప్రకారం దిగంతానికి మూడు డిగ్రీల ఎత్తుకు వస్తుంది, అంటే మన టేకు చెట్ల తలలు దాటి పైకి రాదు. తమిళనాడులో జవ్వాది కొండల అడవిలో, వాణియంబాడికి పైన, కావలూరు అనే గిరిజన గ్రామం ఉన్నది. అక్కడ అదే మేఘం ఎనిమిది డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఎనిమిది డిగ్రీలంటే ఏమంత ఎక్కువ అనిపించవచ్చు. ఆ ఐదు డిగ్రీల తేడా ఎంత పని చేసిందో ముందు చెబుతాను.

1968లో కావలూరులో మొదటి దూరదర్శిని పనిచేయడం మొదలుపెట్టింది. అద్దం 38 సెంటీమీటర్లు, కొడైకెనాల్ వర్కుషాపులో సొంతంగా తయారు చేసుకున్నది. 1972లో తూర్పు జర్మనీ జెయిస్ కంపెనీ నుంచి ఒక మీటరు దూరదర్శిని వచ్చింది. వచ్చిన సంవత్సరమే గురు గ్రహపు ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రాన్ని కప్పడాన్ని చూసి, దానికి పలుచని వాతావరణం ఉన్న సూచనను పట్టుకున్నారు. 1977 మార్చిలో యురేనస్ గ్రహం చుట్టూ వలయాలు ఉన్నాయని తెలిసిన రాత్రి కూడా కావలూరు వారు ఆ గమనికలో పాలు పంచుకున్నారు. ఈలోగా 1971లో కొడైకెనాల్ సంస్థ భారత ఖగోళ భౌతిక సంస్థ అనే పేరుతో స్వతంత్ర సంస్థ అయింది, బప్పు గారే డైరెక్టరు. 1980 ఫిబ్రవరి 16న మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. తలుపులు బిగించుకుని ఇళ్ళల్లో కూర్చున్న సంగతి మనలో చాలామందికి జ్ఞాపకమే. ఆ రోజు బప్పు గారి సంస్థ వారు కర్ణాటకలోనూ, ఉస్మానియా వారు జపాల్-రంగాపూర్ వేధశాలలోనూ యంత్రాలు బిగించుకుని ఆకాశం కిందనే ఉన్నారు.

ఆయనకు ఎంతో ఇష్టమైనవి వోల్ఫ్-రాయే నక్షత్రాలు. ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞుల పేరిట ఆ పేరు వచ్చింది. ఇవి మహా బరువైన నక్షత్రాలు, తమ పై పొరలను తామే గాలిలా విసిరివేస్తుంటాయి. ఆ గాలి వేగం సెకనుకు వేయి, రెండు వేల కిలోమీటర్లు. ఆ సంగతీ గీతల వెడల్పే చెప్పింది. మన వైపు వచ్చే వాయువు గీతను ఒక పక్కకు, అవతలకు పోయే వాయువు ఇంకో పక్కకు జరుపుతుంది. రైలు కూత దగ్గరకు వచ్చేటప్పుడు ఒక రకంగా, దాటిపోయేటప్పుడు ఒక రకంగా వినబడినట్లే ఇది. రెండూ కలిసి గీత వెడల్పవుతుంది. ఎంత వెడల్పో అంత వేగం. 1971లో బ్యూనస్ ఎయిరిస్‌లో ఈ నక్షత్రాల మీద జరిగిన అంతర్జాతీయ సదస్సు గ్రంథానికి బప్పు గారు ఒక సంపాదకులు. ఇటువంటి నక్షత్రాలు చివరకు సూపర్నోవాలుగా పేలతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇక పెద్ద దూరదర్శిని సంగతి. బయటి నుంచి కొని తెచ్చుకోకుండా పెద్ద దూరదర్శినిని మన దేశంలోనే తయారు చేయాలని ఆయన పట్టు. అద్దం 2.34 మీటర్లు, సుమారు ఏడున్నర అడుగులు. గాజు దిమ్మ జర్మనీ నుంచి వచ్చింది. దానిని అరగదీసి అద్దంగా మలిచింది బెంగుళూరులోని తమ వర్కుషాపులో. వేలు తగిలితే తెలియనంత సూక్ష్మమైన ఎత్తుపల్లాలను నెలలూ సంవత్సరాలూ అరగదీయాలి. ఉక్కు చట్రాన్ని మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ ఫ్యాక్టరీలో చేశారు. పరాయి దేశపు దూరదర్శిని కొని ఉంటే కొన్ని ఏళ్ళు ముందుగా చేతికి వచ్చేదేమో. కాని అద్దం అరగదీయడం వచ్చిన మనుషులు తయారయ్యేవారు కాదు. నా మట్టుకు నాకు ఆయన చేసిన పనుల్లో విల్సన్-బప్పు ప్రభావం కన్నా ఇదే ఎక్కువగా తోస్తుంది. గౌరవాలు కూడా వచ్చాయి. 1970లో భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. చెట్లు పెంచడం, బొమ్మలు వేయడం, ఉర్దూ కవిత్వం వినడం ఇష్టమట. ఆ చివరిది హైదరాబాదు ఇచ్చినదే కాబోలు.

1982 ఆగస్టులో ఆ సమాఖ్య మహాసభ గ్రీసు దేశంలో పత్రాస్ నగరంలో జరగవలసి ఉన్నది. అధ్యక్షులు హాజరు కాలేకపోయారు. ఆయన జర్మనీలోని మ్యూనిచ్ నగరంలో గుండె శస్త్రచికిత్స కోసం ఆస్పత్రిలో ఉన్నారు. సభ మొదలైన మూడో రోజు, ఆగస్టు 19న, అక్కడే కన్నుమూశారు. 55 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులు. మనమందరం సర్వీసు ముగించుకుని పూలదండ వేయించుకుని ఇంటికి వచ్చినవాళ్ళం. ఆయనకు ఆ రోజు రాలేదు. పెద్ద అద్దం ఇంకా పూర్తి కాలేదు.

తోటివారు దానిని ఆపలేదు. 1985 నవంబరులో ఆ దూరదర్శిని మొదటి వెలుగును పట్టింది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేశారు. దూరదర్శినికీ, వేధశాలకూ వైను బప్పు పేరే పెట్టారు.

అది జరిగి పదమూడు నెలలు. 1987 ఫిబ్రవరి 24న దక్షిణాకాశంలో, పెద్ద మెగెల్లాన్ మేఘంలో, ఒక నక్షత్రం పేలినట్లు దక్షిణ అమెరికా నుంచి వార్త వచ్చింది. దూరదర్శిని లేకుండా కంటికి స్పష్టంగా కనబడిన సూపర్నోవా 1604 తర్వాత అదే. ఉత్తర భారతంలోని వేధశాలలకు అది ఉదయించదు. కావలూరులో మాత్రం దక్షిణపు కొండల మీద ఎనిమిది డిగ్రీల ఎత్తున, రోజూ కాస్సేపు, కనబడుతుంది. బప్పు గారి శిష్యులూ, సహచరులూ తొలి రోజుల నుంచే దాని వర్ణపటాలు తీసి ప్రచురించారు. ఇందాక చెప్పిన ఐదు డిగ్రీల తేడా ఇదీ.

ఇప్పుడు శక్తి లెక్క చూద్దాం. ముందు దూరం. హెచ్చుతగ్గుల నక్షత్రాల వల్లా, మరికొన్ని పద్ధతుల వల్లా ఆ మేఘం సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరమని తెలుసు. తర్వాత వేగం. మొదటి రోజుల్లో హైడ్రోజన్ గీత ఎంత జరిగిందంటే, బయటి పొర సెకనుకు 15 వేల కిలోమీటర్లకు పైగా పరుగెడుతున్నదని తేలింది. లోపలి పదార్థం అంతకన్నా నిదానం, సగటున సెకనుకు 3 వేల కిలోమీటర్లు అనుకోవచ్చు. ఇక బరువు. దీనిని తెలుసుకున్న తీరు ముచ్చటైనది. పేలిన వెంటనే వెలుగు శిఖరానికి చేరలేదు, మూడు నెలల పాటు నెమ్మదిగా పెరుగుతూ మే నెలలో శిఖరానికి వచ్చింది. పొట్టు కుప్ప లోపల నిప్పు ఉంటే పైకి వేడి తగలడానికి ఎంత సేపు పడుతుందో కుప్ప మందాన్ని బట్టి ఉంటుంది. అలాగే లోపలి వెలుగు బయటపడటానికి పట్టిన కాలాన్ని బట్టి పైన ఎంత పదార్థం ఉన్నదో చెప్పారు. సుమారు 15 సూర్యుల బరువు. పేలిన నక్షత్రం మొత్తం 20 సూర్యుల బరువుదని పాత ఫోటోల వల్ల అంచనా ఉన్నది.

బరువూ, వేగమూ దొరికితే హైస్కూలు పాఠమే. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. జవాబు సుమారు 1 పక్కన 44 సున్నాలు పెట్టినన్ని జౌళ్ళు వస్తుంది. వేర్వేరు శాస్త్రజ్ఞుల లెక్కల్లో అది దానికి ఒకటి రెండు రెట్ల మధ్య ఉంటుంది. సున్నాలు చూస్తే తల తిరుగుతుంది కనుక ఇంకోలా చెబుతాను. మన సూర్యుడు పుట్టినప్పటి నుంచి ఆరిపోయే దాకా వేయి కోట్ల సంవత్సరాలలో ఇచ్చే మొత్తం వేడి, వెలుగు ఎంతో, ఆ ఒక్క పేలుడులో ఎగిరిన శిథిలాల పరుగులో అంత శక్తి ఉన్నది. కంటికి కనబడిన వెలుగంతా కూడినా అందులో నూరో వంతుకు అటూ ఇటూ. ఇందాక ఓపెన్ కాస్టులో మెరుపు ఒక్కటే చూసి లెక్క కట్టరాదన్నది ఇందుకే.

వెలుగు ఆ తర్వాత ఎలా తగ్గిందో కూడా కొలిచారు. ప్రతి 77 రోజులకు సగం చొప్పున తగ్గింది. రేడియోధార్మిక కోబాల్టు అనే లోహం సరిగ్గా ఆ లెక్కనే తరుగుతుంది. అంటే పేలుడు వేడిలో కొత్త లోహం పుట్టింది. ఎంత పుట్టిందో కూడా వెలుగే చెప్పింది, సుమారు 23 వేల భూముల బరువు. అది చివరకు ఇనుముగా మారింది. మన గడ్డపారల్లోనూ, మన రక్తంలోనూ ఉన్న ఇనుము ఇటువంటి పేలుళ్ళలో తయారైనదే.

ఇంతవరకు చెప్పిన శక్తి కూడా పేలుడులో నూటికి ఒక పాలు కన్నా తక్కువే. మిగిలిన 99 పాళ్ళూ న్యూట్రినోలు అనే కణాలుగా పోయాయి. అవి భూమిని కూడా తగలకుండా దూసుకుపోయే దయ్యాల వంటివి. వాటిని పట్టడానికి గనులే గతి. పై నుంచి పడే ఇతర కణాల గోల ఉండకూడదు కనుక లోతైన గనిలో నీళ్ళ ట్యాంకు కట్టి కాపు కాస్తారు. మన కోలారు బంగారు గనుల్లో కూడా 1965లో న్యూట్రినోలను పట్టిన చరిత్ర ఉన్నది. 1987 ఫిబ్రవరి 23న, వెలుగు కనబడటానికి కొన్ని గంటల ముందే, జపానులోని కమియోకా గనిలో 11, అమెరికాలోని ఒక ఉప్పు గనిలో 8, రష్యాలోని బక్సాన్ సొరంగంలో 5 న్యూట్రినోలు చిక్కాయి. రెండు డజన్ల కణాలు! వాటి నుంచి వెనక్కి లెక్క కడితే శిథిలాల పరుగుకు కొన్ని వందల రెట్ల శక్తి వచ్చింది. ఒక నక్షత్రపు గుండె కూలి న్యూట్రాన్ల ముద్ద అయితే ఎంత శక్తి విడుదల కావాలో సిద్ధాంతం చెప్పిన దానికి అది సరిపోయింది. 1934 నాటి ఊహకు యాభై మూడేళ్ళ తర్వాత గనుల అడుగున సాక్ష్యం దొరికింది. సింగరేణి బాయిల్లో దిగి పనిచేసిన మిత్రులు ఈ సంగతి మనుమలకు చెప్పుకోవచ్చు, నక్షత్రం గుండె లోపలి సంగతి మొదట తెలిసింది గనిలోపలి మనుషులకే అని.

బప్పు గారు మెచ్చిన వోల్ఫ్-రాయే నక్షత్రాలలో ఒకటి మన టేకులపల్లి నుంచి వట్టి కంటికే కనబడుతుంది. మార్చి నెల మొదటి వారంలో రాత్రి తొమ్మిది గంటల వేళ, ఊరి దీపాలకు కొంచెం ఎడంగా నిలబడి దక్షిణం వైపు తిరగండి. కుడి పక్కకు, దిగువగా, మిక్కిలి ప్రకాశంగా ఉన్నది అగస్త్య నక్షత్రం. దానికి ఎడమ వైపు, కొంచెం ఎత్తున, దిగంతానికి పాతిక డిగ్రీల మీద నీలి తెలుపు చుక్క ఒకటి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని గామా వెలోరం అంటారు. దూరం సుమారు 1,100 కాంతి సంవత్సరాలు. కంటికి ఒక్కటిగా కనబడినా అక్కడ రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి, వాటిలో ఒకటి వోల్ఫ్-రాయే జాతిది. అది ఇప్పటికీ తన పొరలను విసిరివేస్తూనే ఉన్నది. పేలేది రేపో, లక్షల సంవత్సరాల తర్వాతో. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళండి. టార్చిలైటు దారి వరకే వాడండి, అక్కడికి చేరాక ఆర్పివేసి పది నిమిషాలు కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వండి.